పుర్రచేతి సంతకం

ఆస్పత్రి లాండ్రీలో పుర్రక్క చెయ్యి పడని దుప్పటి లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఆపరేషనైన వాళ్ళ కింద, పురుడొచ్చిన వాళ్ళ కింద, ఇంక లేవని వాళ్ళ కింద కూడా ఆమె మడతపెట్టిన దుప్పటే పరిచారు. ఆ ఆవరణలో పెద్ద డాక్టరు పేరు తెలియనివాళ్ళుంటే ఉండొచ్చు గానీ, పుర్రక్క నోటికి జడవనివాళ్ళు లేరు.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అక్కడే ఉంటుంది. పుర్రచెయ్యి అన్న పేరు పెట్టింది ఇంజనీరు. బాయిలరు దగ్గర్నుంచి లిఫ్టు దాకా ఆస్పత్రిలో తిరిగే ప్రతి చక్రమూ ఆయన చెప్పుచేతల్లో తిరగాల్సిందే. ఆమె చేరిన కొత్తలో తడి దుప్పటి అంచు ఎడం చేత్తో అందుకోవడం చూసి, ఈ పుర్రచేతిది ఎక్కణ్ణించి దొరికిందయ్యా మీకు, దీని కోసం మెషిన్లన్నీ తిరగేసి బిగించాలా అని నలుగురిలో నవ్వాడు. నలుగురూ నవ్వారు. కొన్నాళ్ళకి ఆ నలుగురే ఆ పేరుకి ఓ అక్కని తగిలించి మర్యాద చేశారు.

ఆ చెయ్యి ఇవాళ్టిది కాదు. చిన్నప్పుడు బడిలో పంతులు కుడి చేత్తో రాయమని మెటికల మీద కొడితే, రెండో తరగతితో బడికి దణ్ణం పెట్టింది గానీ చెయ్యి మాత్రం మార్చలేదు. అంత మొండిఘటం. సంతకం వరకు నేర్చుకుంది, అదీ ఎడం చేత్తోనే. సంతకం చూస్తే ముచ్చటగా ఉంటుంది, గుండ్రంగా, అల్లిన పూసల్లా.

ఆమెకో తోడికోడలు. మరిది పెళ్ళాం. ఒకే ఇంటికి రెండు వాటాలు, మధ్యన గోడ ఒక్కటే. అటు చెంచా పడితే ఇటు వినిపిస్తుంది. ఆ పిల్ల కాపురానికొచ్చిన రెండో ఏడు పుర్రక్కే చెయ్యి పట్టుకుని లాండ్రీకి తీసుకొచ్చి పనిలో పెట్టించింది. అక్కడ అందరూ ఆమెని చిన్నక్క అన్నారు. చిన్నక్కది కుడిచేతి వాటం, నెమ్మది మనిషి, గట్టిగా గాలి వీస్తే అటు ఒరిగే రకం. ఇద్దరూ కలిసి దుప్పటి పట్టుకుంటే చూడాలి. మాటలక్కర్లేదు. పట్టు అంటే పట్టు, వదులు అంటే వదులు.

ఇంతలో, ఇప్పటికి పన్నెండేళ్ళ కింద, ఆ ఉదయం రానే వచ్చింది.

ఇస్త్రీ రోలరంటే మంచం పొడుగున్న ఇనప దూలం, లోపల ఆవిరి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని దాని నోటికి అందిస్తే అవతల సాపుగా బయటికొస్తుంది. పుర్రక్కది ఎడమ కొస, చిన్నక్కది కుడి కొస. ఎవరి బలమైన చెయ్యి వాళ్ళ అంచు మీద ఉంటుందని అలా నిలబడేవాళ్ళు. ఆపే బటను మాత్రం ఒక్కటే, కుడి కొసన. ఎడమవైపు కూడా ఒకటి పెట్టించండి సారూ అని పుర్రక్క రెండు నెలల ముందే ఇంజనీరు గదికి వెళ్ళి అడిగింది. బటను ఉన్నచోటే ఉంటుంది, నువ్వే చెయ్యి మార్చుకో అన్నాడాయన, తలెత్తకుండా.

ఆ ఉదయం దుప్పటి అంచున ఊడిన దారం ఆమె చిటికెన వేలికి చుట్టుకుంది. రోలరు దారాన్ని లాగింది, దారం వేలిని లాగింది. బటను ఆమెకి ఆరడుగుల అవతల. చిన్నక్క నొక్కింది. నొక్కేలోపు ఎడం చేతి చిటికెన వేలికీ ఉంగరం వేలికీ పై కణుపులు పోయాయి.

ప్రమాదాల రిజిస్టరులో ఇంజనీరు తన చేత్తో రాశాడు. యంత్రంలో లోపం లేదు, కార్మికురాలిది ఎడమచేతి వాటం కావడమే ప్రమాదానికి కారణం అని. కింద సాక్షి సంతకం కావాలి. చూసినవాళ్ళు చిన్నక్క ఒక్కతే. ఆమె ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. ఆయన కాగితం ముందుకి తోశాడు, ఈమె సంతకం పెట్టింది.

నెల తిరక్కుండానే రోలరుకి ఎడమవైపున ఎర్ర బటనొకటి మొలిచింది. ఎవరు పెట్టించారో ఎందుకు పెట్టించారో ఒక్కరూ నోరెత్తలేదు.

వేళ్ళు పోయినందుకు పుర్రక్క ఏడ్చింది ఒక్కరోజే. ఆ రాసిన మాటకి మాత్రం పన్నెండేళ్ళు పళ్ళు నూరింది. వేలు పోతే పోయింది, ఉన్న మూడూ దాని పని నేర్చుకుంటాయి. మనిషి చేతినే తప్పని రాసి, ఇంటి మనిషి చేతే సంతకం పెట్టిస్తే? చిన్నక్కతో ఆ రోజు నించి రెండే మాటలు మిగిలాయి. పట్టు, వదులు. అవీ దుప్పటి కోసమే. ఇంటి దగ్గర గోడకి ఇటు ఆమె దగ్గితే అటు ఈమె వింటుంది, అంతకుమించి రాకపోకల్లేవు. ఒకటి రెండుసార్లు చిన్నక్క అక్కా అంటూ గుమ్మంలోకి వచ్చింది. తలుపు ముఖం మీద వేసేంత మొరటుది కాదు పుర్రక్క. లేచి వెళ్ళి పొయ్యి ముందు వీపు తిప్పి నిలబడేది, అంతే.

ఇప్పుడు పదవీ విరమణకి నాలుగు నెలలుంది. ఇంజనీరుకి ఆరు నెలలు. ఆయన వెళ్ళిపోతే ఆ రాత కొట్టేయగల చెయ్యి ఆస్పత్రిలో ఉండదు. ఆ వాక్యం అలాగే బీరువాలో ఉండిపోతుంది, తను పోయాక కూడా. ఆమెకి నిద్రపట్టనిది అక్కడే.

సరిగ్గా అప్పుడే ఆవరణలోకి పికిల్‌బాల్ వచ్చింది.

లాండ్రీ వెనక, బాయిలరు గదికి ఆనుకుని పాత ఆరుబయలు ఒకటుంది. ఆరబెట్టే మెషిన్లు రాకముందు అక్కడే తాళ్ళు కట్టి దుప్పట్లు ఆరేసేవాళ్ళు. ఉద్యోగులకి ఒళ్ళొంగాలని పైవాళ్ళు ఆ గచ్చు మీద కోర్టు వెయ్యమన్నారు. ఇంజనీరే సున్నం తాడు పట్టుకుని గీతలు గీయించాడు. నడుం ఎత్తు కూడా లేని నెట్టు, చెక్క గరిటెల్లాంటి బ్యాట్లు, ఒళ్ళంతా తూట్లున్న ప్లాస్టిక్ బంతి. నెట్టుకి అటూ ఇటూ ఒక పట్టీ, దాని పేరు కిచెన్. అందులో కాలుపెట్టి, గాలిలో ఉన్న బంతిని కొట్టకూడదు. వంటింట్లో కాలు పెడితే తప్పయ్యే చోటు లోకంలో ఒక్కటైనా ఉందన్నమాట అని లాండ్రీ ఆడవాళ్ళంతా ఆ ఆట మీద మనసు పడ్డారు.

ఇంజనీరూ, తన బావమరిదైన మందుల స్టోరు మనిషీ ఒక జట్టు. ఇద్దరిదీ కుడిచెయ్యే. వాళ్ళని ఓడించినవాళ్ళు లేరు. ఇంజనీరు సూత్రం ఒక్కటే, అందరికీ పాఠం కూడా చెప్పేవాడు. అవతలివాళ్ళ ఎడమ పక్కకి కొట్టు, అటు చేతిని మెలితిప్పి వెనకవైపుతో ఆడాలి, ఎవడికైనా ఎడమ పక్క చవటే అని.

ఒక సాయంత్రం షిఫ్టు దిగాక పుర్రక్క ఆయన దగ్గరికి వెళ్ళింది. తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పక్కన పెద్ద నర్సమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ పాత రిజిస్టరు తెప్పించి ఆ వాక్యం కొట్టేయండి సారూ, వెళ్ళిపోయే ముందు అంది పుర్రక్క. అడగడం ఇది నాలుగోసారి. ఆయన నవ్వి, బ్యాటు ఆమె వైపు చూపించాడు.

"ఈ కోర్టులో నన్ను ఓడించు. నువ్వు చెప్పింది చెప్పినట్టు నా చేత్తో రాస్తా."

పుర్రక్క ఆయన్ని చూళ్ళేదు. పెద్ద నర్సమ్మని చూసింది. "విన్నారు కదమ్మా" అంది. పెద్ద నర్సమ్మ విన్నానంది. పెద్ద నర్సమ్మ వినడమంటే రాతిమీద చెక్కినట్టే.

ఆటకి జంట కావాలి. లాండ్రీలో కుర్రపిల్లలు నేనంటే నేనన్నారు. పుర్రక్క వాళ్ళనెవరినీ ఒప్పుకోలేదు. మర్నాడు మడతబల్ల దగ్గర దుప్పటి బదులు ఒక బ్యాటు తీసి చిన్నక్క ముందు పెట్టింది.

"పట్టు."

చిన్నక్క బ్యాటుని చూసింది, మనిషిని చూసింది. ఆ కుడి చేత్తోనే అప్పుడు సంతకం పెట్టింది. అదే చేత్తో ఇప్పుడు బ్యాటు పట్టించి ఆ సంతకాన్ని చెరిపించాలి. పుర్రక్క మనసులో ఉన్నది అంతే, చిన్నక్కకి చెప్పకుండానే అర్థమైంది. పట్టుకుంది.

మొదటి మూడు వారాలూ చావుదెబ్బలు తిన్నారు. ఒంట్లో సత్తువ లేక కాదు, ముప్పై ఏళ్ళు తడి దుప్పట్లు ఎత్తిన భుజాలవి. ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ ఆటలో సర్వీసు చేసి పాయింటు తెచ్చుకున్న ప్రతిసారీ జంట పక్కలు మారాలి. ఎడమ గడివాళ్ళు కుడి గడికి, కుడివాళ్ళు ఎడమకి. పుర్రక్క ఎడమ గడిలో పడ్డప్పుడల్లా ఆమె బలమైన చెయ్యి ఎడమ అంచు గీత అవతలికి పోయేది, చిన్నక్క బలమైన చెయ్యి కుడి అంచు గీత అవతలికి. ఇద్దరి చవట పక్కలూ కోర్టు నడిమిన కలిసేవి, తలుపులు రెండూ బార్లా తీసిన గుమ్మంలా. ఇంజనీరు ఆ గుమ్మంలోంచే రాకపోకలు సాగించాడు. ఒకరోజు ఆడుతూ ఆడుతూనే బావమరిదితో, చూశావా బామ్మర్దీ, ఒకటి కుడి ఒకటి పుర్ర, అతుకు కుదరని బొంత అన్నాడు.

పుర్రక్క ఆ మాట మింగేసి ఇంటికెళ్ళింది. మింగిన మాట అరిగే మనిషి కాదు.

మర్నాడు ఆపరేషన్ గది బట్టలు మడతపెడుతున్నారు. అవి పెద్దవి, బల్ల మీద పరిచి ఇద్దరూ పక్కపక్కన నిలబడి, నడిమి మడత ఒక్క విసురుతో నొక్కాలి. రోలరు దగ్గర ఎవరి బలం వాళ్ళ అంచున ఉండాలి. మడతబల్ల దగ్గర అది తారుమారు. అక్కడ పుర్రక్క కుడివైపు నిలబడుతుంది, చిన్నక్క ఎడమవైపు. ఆమె ఎడం చెయ్యీ ఈమె కుడి చెయ్యీ నడిమిన కలుస్తాయి. రెండు ఇస్త్రీపెట్టెలు పక్కపక్కన దిగినట్టు మడత పడుతుంది. పన్నెండేళ్ళుగా రోజుకి నూరుసార్లు చేస్తున్న పనే. పుర్రక్క చెయ్యి బట్ట మీద ఆగిపోయింది.

కోర్టులో మనం రోలరు దగ్గర నిలబడ్డట్టు నిలబడుతున్నాం. నిలబడాల్సింది మడతబల్ల దగ్గర నిలబడ్డట్టు. ఈ మాట ఆమె పైకే అంది. చిన్నక్క ఉలిక్కిపడింది. మాట విని కాదు, పట్టూ వదులూ కాని మాట పన్నెండేళ్ళ తర్వాత విని.

మరి పాయింటు వచ్చినప్పుడల్లా పక్కలు మారాలన్న నియమం ఉందిగా. ఎముకల వార్డులో వ్యాయామం చేయించే అమ్మాయి ఆటలకి అంపైరు. ఆ అమ్మాయినడిగితే, సర్వీసు చేసేవాళ్ళూ దాన్ని అందుకునేవాళ్ళూ మాత్రమే వాళ్ళ గడిలో ఉండాలి, జతగాళ్ళు ఎక్కడైనా నిలబడొచ్చు, బంతి వెళ్ళాక ఇద్దరూ ఎటైనా జరగొచ్చు అంది. ఇంకేం కావాలి. మడతబల్ల పద్ధతికి అడ్డం వచ్చే అంకె వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పక్కన దగ్గర దగ్గరగా నిలబడతారు, బంతి కదలగానే ఎవరి చోటుకి వాళ్ళు జారుకుంటారు. లాండ్రీలో దానికి దొంతర అని పేరు పెట్టేశారు.

ఏ అంకెకి ఎవరు ఏ గడిలో ఉండాలన్నది చాలామందికి బుర్ర తిరిగే లెక్క. వీళ్ళకి కాదు. బీరువాలో దుప్పట్లు పేర్చేటప్పుడు దొంతర ఒరిగిపోకుండా సరి కట్టకి మడత కుడివైపు, బేసి కట్టకి మడత ఎడమవైపు పెడతారు. చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. ఆట మొదట్లో పుర్రక్క కుడి గడిలో నిలబడుతుంది. స్కోరు సరి అంకెలో ఉంటే ఆమె కుడి, అంటే మామూలే. బేసి అయితే ఎడమ, అంటే దొంతర. నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

పైవాళ్ళు ఉద్యోగులకి పోటీలు పెట్టారు, ఏడు జట్లు. ఎక్స్‌రే గది మగపిల్లల్ని పుర్రక్క జట్టు మట్టి కరిపించింది, వంటశాల వాళ్ళని ఏడిపించింది. ఆఖరాటకి మిగిలింది ఇంజనీరూ, బావమరిదీ. పదకొండు తెచ్చుకున్నవాళ్ళు గెలిచినట్టు, రెండు పాయింట్ల తేడా మాత్రం ఉండాలి. సర్వీసు మన చేతిలో ఉన్నప్పుడే పాయింటు. ఒకరి సర్వీసు పోతే జతవాళ్ళు వేస్తారు, అదీ పోతే బంతి అవతలి జట్టుది.

సాయంత్రం అయిదైంది. షిఫ్టు దిగినవాళ్ళంతా గోడ పొడుగునా చేరారు. ఇంజనీరు వస్తూనే పాత అలవాటుగా నడిమికి కొట్టాడు. గుమ్మం మూసి ఉంది. నడిమిన రెండు బలమైన చేతులు కాచుకుని ఉన్నాయి. బంతి వచ్చేటప్పుడు పుర్రక్క పట్టు అంటే చిన్నక్క కొడుతుంది, వదులు అంటే పుర్రక్క కొడుతుంది. ఇతర జట్లు నడిమి బంతికి నాదంటే నాదని బ్యాట్లు కొట్టుకుంటాయి, లేకపోతే నీదంటే నీదని చూస్తూ నిలబడతాయి. వీళ్ళ మధ్య ఆ తగువు లేదు. అసలు తగువు వేరే ఉంది కనక, చిన్న తగువులకి చోటు లేదు. అయిదు ఒకటి అయింది.

ఇంజనీరు అది చూసి అంచులకి కొట్టడం మొదలెట్టాడు. అటు ఇద్దరివీ చవట పక్కలే, ఆయన ఆలోచన తప్పు కాదు. కానీ ఆ నెట్టు నడిమిన కాస్త జారి ఉంటుంది, గుంజల దగ్గర రెండంగుళాలు ఎత్తు. సగం బంతులు నెట్టుకి తగిలాయి, సగం గీత దాటాయి. గచ్చు పడమటి అంచున కాస్త పల్లం కూడా ఉంది, బంతి అక్కడ అనుకున్నంత లేవదు. అక్కడ ముప్పై ఏళ్ళు నీళ్ళు ఎటు పారతాయో చూసిన కాళ్ళకి ఆ పల్లం తెలుసు, తాడు పట్టి గీతలు గీసిన మనిషికి తెలియలేదు.

అప్పుడాయన ఆట ఆపించి బావమరిది చెవిలో ఏదో ఊదాడు. మనమూ అలాగే జరుగుదాం, నా చెయ్యి ఎప్పుడూ ఎడమ గడిలోనే ఉండాలి, నడిమి అంతా నేనే ఏలతాను అన్నాట్ట. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు. చెప్పినా వినడు. అయితే ఒకటి, వాత పెట్టుకున్నాక కాసేపు నక్కా పులిలాగే కనిపించింది. ఆయన కుడి చెయ్యి నడిమిన గొడ్డలిలా పడింది. అయిదు అయిదు. తొమ్మిది తొమ్మిది. బావమరిది సర్వీసులో పది తొమ్మిది. ఇంకొక్క పాయింటు వస్తే అంతా అయిపోతుంది, రిజిస్టరు బీరువాలోనే ఉంటుంది.

బావమరిది మళ్ళీ సర్వీసు చేశాడు. చాలాసేపు సాగి ఆ బంతి వీళ్ళకి దక్కింది. ఇక ఇంజనీరు సర్వీసు. పాయింటు మారలేదు, అంకె పదే. సరి అంకె. ఆట మొదట్లో ఆయన నిలబడ్డది కుడి గడిలో కనక ఇప్పుడూ కుడి గడిలోంచే వెయ్యాలి. కానీ అటూ ఇటూ జరిగి జరిగి ఆఖరికి ఎడమ గడిలో తేలాడు, అక్కడే పాతుకున్నట్టు నిలబడ్డాడు.

పుర్రక్క చూసింది. చిన్నక్కా చూసింది. అంపైరు అమ్మాయీ చూసింది, అయితే అడగనిదే చెప్పకూడదని ఆ అమ్మాయి నోరు కట్టేసుకుంది. సర్వీసు ఎప్పుడూ ఐమూలగా ఎదుటి గడిలోనే పడాలి, సరైన గడి ప్రకారం బంతి అందుకోవాల్సింది కుడివైపున్న చిన్నక్క. పుర్రక్క ఒక్క అడుగు కూడా తడబడకుండా వెళ్ళి ఆ కుడి పక్కనే, నెట్టు దగ్గర దొంతరగా నిలబడింది. ఎడమ గడి మొత్తం ఖాళీ.

చిన్నక్కది మెత్తని మనసు కదా, పెదవి కదిలింది. సారూ అనబోయింది. పుర్రక్క మెడ తిప్పి చూసింది. వదులు అని కూడా అనలేదు, ఆ చూపే అంది. చిన్నక్క నోరు మూసుకుంది. ఎవరో ఆపాల్సిన క్షణంలో ఆపకపోతే ఏమవుతుందో ఆ ఇద్దరికీ తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు.

ఇంజనీరుకి ఎదురుగా మూలకి ఖాళీ గడి కనిపించింది. ముసలమ్మలిద్దరూ లెక్క తప్పి ఒకే పక్కన ఇరుక్కున్నారనుకున్నాడు. మీరు తప్పు నిలబడ్డారమ్మా అని ఒక్క మాట అని ఉంటే, ఆయన తప్పే బయటపడి సర్దుకునేవాడు. అనలేదు. గబగబా బంతి వేశాడు. అది ఖాళీ గడిలో పడి, ఎగిరి, గోడ దాకా దొర్లిపోయింది. ఎవరూ కదల్లేదు. ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. గోడ పక్కన మందుల స్టోరు వాళ్ళు చప్పట్లు మొదలెట్టారు.

పుర్రక్క చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"సారూ, మీ అంకెంత?"

పదకొండన్నాడు. బంతి వెయ్యకముందు అంది ఆమె. పది అన్నాడు. పది సరా, బేసా అని అడిగింది, చిన్నపిల్లల్ని అడిగినట్టు. అంపైరు అమ్మాయి చీటీ చూసి, సార్ మీరు కుడి గడిలోంచి వెయ్యాలి, అది తప్పు సర్వీసు, పాయింటు లేదు, బంతి లాండ్రీ వాళ్ళది అంది. ఆయన చీటీ లాక్కుని చూశాడు, బావమరిదిని చూశాడు. బావమరిది నింగిని చూశాడు. గోడ పొడుగునా నవ్వు పుట్టింది. ముప్పై ఏళ్ళ కింద ఆయనతో కలిసి నవ్విన నలుగురిలో మిగిలిన ఇద్దరు ఆ నవ్వులో ఉన్నారు.

ఇప్పుడు తొమ్మిది. బేసి. సర్వీసు కుడి గడిలో ఉన్న చిన్నక్కది. గెలుస్తూ పోతే ఆఖరిదాకా ఆమెదే. పుర్రక్క బంతి తెచ్చి ఆ చేతిలో పెట్టింది. చిన్నక్క బంతిని కొంగుకి రెండుసార్లు తుడిచింది. జాలిపడలేదు పుర్రక్క. నా పన్నెండేళ్ళు నీ చేతిలో ఉన్నాయి, చూసుకో అన్నట్టు నిలబడింది.

చిన్నక్క వేసింది. పది పది. మళ్ళీ వేసింది. పదకొండు పది. ఇంజనీరు ముఖం బాయిలరు తలుపులా ఎర్రబడింది. మూడోసారి వేసి ఎడమకి జారింది, పుర్రక్క కుడిలో కుదురుకుంది. బంతి నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరిగింది. కోపం పాత దారే వెతుక్కుంటుంది కదా, ఇంజనీరు ఉన్న బలమంతా పెట్టి నడిమికే బాదాడు.

"వదులు" అంది పుర్రక్క.

చిన్నక్క బ్యాటు వెనక్కి తీసుకుంది. మూడు వేళ్ళ పిడికిలితో ఎడం చెయ్యి అడ్డంగా వచ్చింది. బంతి నెట్టు మీదుగా నేరుగా వెళ్ళి, బ్యాటు పిడి పట్టుకున్న ఇంజనీరు చిటికెన వేలి మీద ఠప్పున తగిలి పక్క గోడకి పోయింది. పన్నెండు పది. అక్కడికే గురిపెట్టి కొట్టావా అని తర్వాత ఎంతమంది అడిగినా పుర్రక్క అవునని చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.

ఆయన వేలు పట్టుకుని, ఆటలో అన్నమాటలు ఆటలోనే పోతాయి కదా అని గొణిగాడు. పెద్ద నర్సమ్మ అప్పటికే బెంచీ మీంచి లేచింది. మీరన్నది నేను విన్నాను అంది, బీరువా తాళం తీయించింది.

ఆఫీసు గదిలో రిజిస్టరు బల్ల మీద పెట్టారు. పన్నెండేళ్ళ దుమ్ము. ఇంజనీరు పాత వాక్యం కొట్టేసి కింద రాశాడు, పరిశీలనలో పొరపాటు జరిగి ఉండవచ్చును అని. చిన్నక్క చదివి వినిపించింది. ఉండవచ్చు ఎవరిక్కావాలి సారూ, నా వేళ్ళు పోయి ఉండవచ్చునా అంది పుర్రక్క. ఆయన అదీ కొట్టేశాడు. ఈసారి ఆమె చెప్పింది, ఆయన రాశాడు. ఎడమవైపు ఆపే బటను లేకపోవడం వల్ల జరిగింది, బటను పెట్టమని కార్మికురాలు ముందే అడిగింది, ఆమె చేతిలో ఏ తప్పూ లేదు. సంతకం, తేదీ.

పుర్రక్క కలం ఆయన చేతిలోంచి తీసుకుని చిన్నక్క వైపు తిప్పింది.

"నువ్వూ పెట్టు."

"అక్కా, ఆరోజు నా ఉద్యోగం…"

"ఆరోజు సంగతి ఆరోజు చెప్పాల్సింది. పెట్టవే."

చిన్నక్క పాత సంతకం పక్కన కొత్తది పెట్టింది. కాగితం మీద చుక్క నీళ్ళు పడ్డాయి. పుర్రక్క కొంగుతో అద్దింది. కళ్ళు కాదు, కాగితం.

ఇంజనీరు లేవబోయాడు. పెద్ద నర్సమ్మ ఆయన వేలు పట్టుకుని చూసింది. ఇంతసేపు రాసేసరికి వాచి వంకాయలా అయింది. ఆవరణలో ఎవరికి దెబ్బ తగిలినా రాయాల్సిందే, ఇది మీరు పెట్టిన నియమమే అంటూ రిజిస్టరులో కొత్త పేజీ తిప్పింది. అంతదాకా పళ్ళ బిగువున రాసిన కుడి చెయ్యి ఇక కలం పట్టలేకపోయింది. ఎడం చేత్తో కలం పట్టుకుని, కోడి కెలికినట్టు పేరు రాశాడు, హోదా రాశాడు, గాయం రాశాడు. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది.

పుర్రక్క ఆయన భుజం పక్కకొచ్చి నిలబడింది.

"రాయండి సారూ. కుడిచేతి వాటం."

ఆయన పెద్ద నర్సమ్మ వైపు చూశాడు, ఆవిడ కిటికీ వైపు చూసింది. వంకర టింకరగా రెండు మాటలూ రాశాడు. కింద సాక్షి గడి ఖాళీగా ఉంది. పుర్రక్క రిజిస్టరు తన వైపు లాక్కుని, కలం ఎడం చేతిలోకి తీసుకుని, తొందరపడకుండా, పూసలల్లినట్టు తన సంతకం పెట్టింది.